ఎండలోకి జరిగిన కుర్చీ

"మనవాళ్ళు ముగ్గురు పోయారు," అన్నాడు చీఫ్. "ముగ్గురూ ఆరుబయట కూర్చునే పోయారు. చిన్న డ్రోన్ సరిగ్గా ఒళ్ళో వాలి పేలింది. ఊళ్ళో నావిగేషన్ రీడింగ్ పది మీటర్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. వాళ్ళకి అంత గురి ఎలా కుదిరింది? నాలుగోవాడివి నువ్వే. వెళ్ళి కనుక్కో."

"తిరిగొచ్చి చెప్పాలా సార్?"

"వీలైతే."

ఓడ కెప్టెన్ వేషంలో ఏజెంట్ హోటల్ డాబా ఎక్కాడు. రెండు పక్షాల జీతమూ తినే అందగత్తె ఒక్కతే ఉంది అక్కడ.

"సముద్రం ఎలా ఉంది?"

"ఉప్పగానే ఉంది."

కోడ్ కుదిరింది. ఆమె వెండి లైటర్ కానుకగా ఇచ్చింది. "గోడవార ఉక్క, కెప్టెన్ గారూ. ఇలా మధ్యకి రండి." ఇనప కుర్చీ తనే ఈడ్చింది.

ఎండ తగిలితే కందిపోయే మనిషి నీడ వదిలేసింది. అతను కూర్చోలేదు. ఆమె వాచీ చూశాడు. ముళ్ళు లేవు. ఒక్క అంకె. తొమ్మిది. కాసేపటికి ఏడు.

గోడల దగ్గర శాటిలైట్ సిగ్నల్ తగిలి చెదురుతుంది. ఆకాశం కింద, కదలకుండా ఉంటే కుదురుకుంటుంది. లైటర్‌లో రిసీవర్. వాచీలో అంకె, గురి ఎన్ని మీటర్లు తప్పుతుందో. మనిషిని కూర్చోబెట్టడమే ఆమె ఉద్యోగం.

చటుక్కున ఆమెను కుర్చీలో కుదేసి, చేతులు వెనక్కి విరిచి కుర్చీ కమ్మీకి బేడీలు వేశాడు. లైటర్ ఆమె కాలర్‌లో పడేశాడు.

"అంకె ఎంతకొస్తే డ్రోన్ దిగుతుంది? మూడుకా?"

"పిచ్చా నీకు? తియ్యి!"

"నడిపేవాడెక్కడ?"

"నాకేం తెలుసు!"

"ఐదు," అన్నాడు వాచీలోకి వంగి.

"చెప్తా! చెప్తే విప్పుతావుగా?"

"ముందు చెప్పు."

"రేవులో ఐస్ ఫ్యాక్టరీ. పై గది."

రేవులోనే కాచుకున్న చీఫ్‌కి ఫోన్‌లో అదే చెప్పాడు. ఆకాశంలో కందిరీగ మోత మొదలైంది.

"విప్పు! చెప్పాగా!"

"నిజమో కాదో తేలనీ." గోడ దాకా వెనక్కి నడిచాడు.

నాలుగు. కాటుక చెంపల మీదికి కారింది. మూడు. డ్రోన్ ముక్కు కిందికి తిప్పి దూకింది. 

నెత్తికి బారెడు ఎత్తున డ్రోన్ ఆగింది.

"పట్టేశాం," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "రిమోట్ మన కుర్రాడి చేతిలో ఉంది. బాంబు మాత్రం లైవ్, తగిలితే పేలుతుంది. దీన్ని ఎక్కడ దింపమంటావ్?"

ఆమె ఏడుస్తూనే నవ్వింది. "థాంక్స్," అంది.

ఏజెంట్ మెట్లు దిగుతున్నాడు.

"గురి ఇంత కచ్చితంగా కుదిరింది సార్. ఇక చోటు మార్చడం దేనికి?"