అవతలి చేతులు

ఆ హాలుకి కిటికీలు లేవు. బయట ఎండైనా వానైనా లోపల ఒకటే తెల్లటి వెలుతురు, ఒకటే ఫ్యాన్ల హోరు. గోడకి అవతల ఫ్యూజన్ రియాక్టరు. సూర్యుడిలో మండే మంటని మనుషులు ఉక్కు గిన్నెలో పట్టి ఉంచిన చోటు. దాని తిండి ట్రిషియం అనే వాయువు. అది కొందామన్నా కావలసినంత దొరకదు, తవ్వుకుందామన్నా నేలలో లేదు. అందుకే మంట చుట్టూ లిథియం గుళికలు పేరుస్తారు. మంటలోంచి ఎగిరొచ్చే న్యూట్రాన్లు తగిలి ఆ గుళికల్లోనే ట్రిషియం పుడుతుంది. తన కూడు తానే పండించుకునే పొయ్యి అన్నమాట. పండినదాన్ని గుళికల్లోంచి రాబట్టి భద్రం చెయ్యడం ఈ హాలు పని.

ఆ పని ఆమె, ఆమె భర్త ఎదురెదురుగా కూర్చుని చేసేవాళ్ళు. ఇద్దరి మధ్యా మంచమంత గాజుపెట్టె. ఇటు రెండు కంతలు, అటు రెండు కంతలు. వాటికి బిగించిన నల్లటి రబ్బరు గ్లవ్స్‌లోకి భుజాల దాకా చేతులు దూర్చి లోపలి సామాను పట్టుకోవాలి. చిన్న చిల్లు పడినా, ఒంటికి విషమైన ట్రిషియం బయటికి రాకుండా, పెట్టెలోని గాలిని మోటారు ఎప్పుడూ కొద్దిగా పీలుస్తూ ఉంటుంది. దాంతో ఎవరూ తొడుక్కోకపోయినా ఆ గ్లవ్స్ లోపలికి చాచుకుని, వేళ్ళు ఉబ్బి, గాల్లో నిలబడే ఉంటాయి.

కిందటి నెల ఆయన పెట్టె కిందున్న గుంటలోకి గొట్టం చూడ్డానికి దిగాడు. ఎక్కడినుంచి కారిందో, పెట్టెలో నింపే ఆర్గాన్ గ్యాస్, పీల్చే గాలిని పైకి తోసేసి, పల్లంలో నీళ్ళలా అక్కడ నిలిచి ఉంది. రంగు లేదు, వాసన లేదు. రెండు ఊపిర్లు... అంతే. పైన ఆమె గ్లవ్స్‌లో చేతులు పెట్టుకుని, "అయిపోయింది" అనే మాట కోసం చూస్తూ కూర్చుంది.

అప్పుడూ ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక చిగురు ఎలా ఉంటుందో, ఆమెకి ఒళ్ళంతా అలా ఉంది. నెల తర్వాత మళ్ళీ డ్యూటీకి బయల్దేరిన ఉదయం అత్తగారు అడిగింది.

"తిన్నావా?"

"తిన్నాను అత్తయ్యా."

"ఏం తిన్నావు?"

ఆమెకి గుర్తురాలేదు.

హాల్లో పెద్దాయన, సూపర్‌వైజరు, ఆమె మొహంలోకి చూడకుండానే పలకరించాడు. "ఎదురుకుర్చీలోకి ఇంకా ఎవర్నీ వెయ్యలేదమ్మా. ఒక్కదానివే చెయ్యగలవా?"

"చేస్తాను సార్."

ఆయన తలూపి పక్కగదిలో కెమెరా ముందుకి వెళ్ళిపోయాడు.

గుళికల డబ్బా మూత బిగుసుకుపోయింది. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు తిప్పాల్సిన మూత. ఆమె ఒక్కతే తంటాలు పడుతోంది. డబ్బా జారింది.

అవతలి గ్లవ్ దాన్ని పట్టుకుంది.

ఆమె చూసింది. నల్లటి వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుని డబ్బా చుట్టూ బిగుసుకున్నాయి. గాజులోంచి అవతలి కుర్చీ కనిపిస్తోంది. ఖాళీగా ఉంది. భయం వెయ్యాలి కదా అనుకుంది. వెయ్యలేదు. మూత తిప్పింది. ఊడొచ్చింది.

పని సాఫీగా సాగింది. ఆమె అడగబోయేది ముందే అందిస్తోంది ఆ చెయ్యి. గుళికలన్నీ కొలిమిగిన్నెలోకి పోశాక, దాని బొటనవేలు ఆమె బొటనవేలిని మెల్లిగా నొక్కింది. పని బాగా కుదిరిన రోజున ఆయన చేసేది అదే.

"నువ్వేనా?" అంది గొణుగుతున్నట్టు.

మళ్ళీ నొక్కింది.

"అత్తయ్య ఇంకా నీకు కూడా వండుతోంది..." అంది. "వద్దని ఎలా చెప్పను?"

ఆ రెండు చేతులూ ఆమె మణికట్టుల్ని పట్టుకున్నాయి. మెత్తగా. తర్వాత గట్టిగా.

"చాలు... వదులు."

వదల్లేదు. లాగాయి. ఆమె భుజాలు కంతలకి కొట్టుకున్నాయి. చెంప గాజుకి అతుక్కుంది. కంత అంచున రబ్బరు కిర్రుమంటోంది. ఇంకా లాగుతున్నాయి...

స్పీకర్లో పెద్దాయన గొంతు.

"అమ్మా... నీ వెనకున్నది ఎవరు?"

"వెనకా? ఎవరూ లేరు సార్."

"ఉన్నాడమ్మా. మనవాడే... నీ మొగుడే. కెమెరాలో కనిపిస్తున్నాడు. నీ భుజాలు పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. వాడి వల్ల కావట్లేదు..."

భుజాల మీద ఆమెకి ఏమీ తెలియలేదు. నెలరోజులుగా ఏదీ తెలియని ఒళ్ళది. ముందున్న పట్టు మాత్రం ఎముక దాకా తెలుస్తోంది.

అయితే ఈ చేతులు...

ఒక్క గుంజు గుంజింది. చెమటకి చేతులు సర్రున జారి గ్లవ్స్‌లోంచి బయటపడ్డాయి. వెల్లకిలా పడింది. అలారం మొదలైంది. పెట్టెలో అవతలి వేళ్ళు ఖాళీ అయిపోయిన ఆమె గ్లవ్స్‌ని పిసుకుతున్నాయి. మొన నుంచి మొదలు దాకా తడుముతున్నాయి... వెతుకుతున్నాయి.

పెద్దాయన వచ్చి ఆమెని చంకల కింద పట్టుకుని బయటికి ఈడ్చాడు.

రబ్బరు అంచు జారి కాస్త ట్రిషియం బయటికొచ్చిందని డాక్టరు చెప్పాడు. ఒంట్లోకి వెళ్తే అది నీళ్ళలో కలిసి కూర్చుంటుందట. నీళ్ళతోనే గెంటాలట. సీసా మీద సీసా తాగించాడు. పెద్దాయన పక్కనే నిలబడి, "చూసింది చూసినట్టు పైవాళ్ళకి చెప్పనా?" అన్నాడు.

"ఎవరు నమ్ముతారు సార్?"

పొద్దు వాలకముందే ఇంటికి పంపేశారు. అత్తగారు గుమ్మంలోనే ఎదురైంది. మొహం వెలిగిపోతోంది.

"వాడొచ్చాడే," అంది రహస్యంగా.

ఆమె చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. వంటింట్లో బిందె బోర్లించి ఉంది. సీసాలన్నీ ఖాళీ.

"దాహం, దాహం అన్నాడు. ఎంత పోసినా చాలలేదు. పిచ్చి తండ్రి, కప్పుకున్న దుప్పట్లోంచి చేతులు బయటికి తియ్యడే! వెనకనుంచే సీసా పట్టి నేనే తాగించాను."

"మొహం చూశావా అత్తయ్యా?"

"అటు తిరిగే కూర్చున్నాడు. కన్నతల్లిని, గొంతు పోల్చుకోలేనా?" ముసలావిడ గొంతు ఇంకా తగ్గించింది. "గట్టిగా మాట్లాడకు. లోపలి గదిలో ఇప్పుడే పడుకున్నాడు."

"ఒక్కడేనా?"

"ఇంకెవరొస్తారే?"

మూసిన తలుపు అవతల ఎవరో దగ్గారు. ఆయన దగ్గే.

ఆ వెంటనే ఇంకో దగ్గు వినిపించింది. ఆ గొంతు ఆయనది కాదు.