తెల్లకనుమ కింద భోజనం

తాయారు మంచువాలులో గొడ్డలి దించేసరికి వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది.

"వదినా, మూడోది!" అంది వెనకే తాడు పట్టుకుని ఎక్కుతున్న ఆడపడుచు హంసిని.

"కట్టెయ్యమని మీ అన్నయ్యకి చెప్పవే. చెయ్యి వదిల్తే లోయలో పడతాను!"

లోయ అంటే గాజువాకలో వాళ్ళ హాలే. ఇద్దరి కాళ్ళ కిందా వాలు మార్చుకునే నడకపలకలు, ఒంటికి చలి పుట్టించే తొడుగులు, ముఖానికి గాలిని పలచన చేసే ఊపిరిముసుగులు. కిటికీ అవతల మే నెల ఎండ మాడ్చేస్తుంటే లోపల వీళ్ళ పళ్ళు టకటకలాడుతున్నాయి. పూర్వయానం యంత్రం వచ్చాక లోకం తీరే ఇది. పెళ్ళిపీటల మీద కూర్చోవడం నుంచి పన్ను పీకించుకోవడం దాకా, ముందొకసారి చేసి చూసుకోకుండా ఎవరూ గడప దాటడం లేదు. హిమాలయాల మీది తెల్లకనుమ దారికైతే అది నిబంధన కూడా. రాతిగుడిసె నుంచి రాతిగుడిసెకు మజిలీలు చేస్తూ, దారి మొత్తం ఇంట్లో నడిచి నెగ్గినవాళ్ళకే కొండదారుల సంస్థ అనుమతి ఇస్తుంది. ఏడాదికి మూడే అవకాశాలు. ఇది రెండోది.

తాయారు రేవులో క్రేన్ నడుపుతుంది. ఆ ఎత్తు నుంచి ఇన్నేళ్ళూ సముద్రాన్ని చూసింది. మబ్బుల్ని కూడా పైనుంచి చూడాలని ఆమెకు ఒకటే పిచ్చి. సెలవు దొరికింది, గుడిసెల్లో పడకలు దొరికాయి, గోడ నిండా దారి పటం ఎక్కింది. ఏ వాగు దగ్గర నీళ్ళు పట్టుకోవాలో, ఎండెక్కకముందే ఏ వాలు దాటాలో వదినా ఆడపడుచులు పోట్లాడుకుని మరీ తేల్చుకున్నారు. ఇక తాయారు కనుమ దాటడమే మిగిలింది.

దాటలేదు. కనుమ మీది జెండా కనిపిస్తుండగానే ఆమె మోకాళ్ళు వదిలేశాయి. కిందటిసారి కూడా ఇక్కడే.

"నడకరి తాయారుకు ఊపిరి చాలదు. నాలుగో మజిలీ నుంచి వెనుదిరగడం మేలు. నడకరి హంసిని ముందుకు సాగవచ్చు," అని యంత్రం మర్యాదగా చెప్పింది.

తాయారు ముసుగు లాగేసి నేలమీద చతికిలబడింది. ఏడుపు ఆగలేదు. "నువ్వెళ్ళి రావే. నా వంతు కూడా చూసి రా."

"నేనొక్కదాన్నీ వెళ్ళి ఏటి చూస్తాను?" హంసిని కోపంగా తొడుగు విప్పబోయింది. అది నడుం దగ్గర పట్టేసి ఊడి రాలేదు. గింజుకుంటూ గోడ మీద మెరుస్తున్న తన నివేదిక వైపు చూసి ఆగిపోయింది. బరువు పెరిగినట్టు ఉంది. "వదినా, కొండలెక్కి ఎవరైనా లావెక్కుతారేటి?"

పూర్వయానంలో కొండ ఒట్టిదే గాని ఆకలి నిజం, తిండి నిజం. రోజూ సాయంత్రం ముసుగులు తీసి భోజనాల బల్ల దగ్గర చేరితే అదే మజిలీ గుడిసె. నడిచేవాళ్ళకు మనిషికొక అన్నపెట్టె. పెట్టెలోంచి ఎంత బయటికొచ్చిందో యంత్రం తూచి రాసుకునేది. తీసినవాళ్ళే తింటారని దాని నమ్మకం.

హంసినికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. "ఎదిగే వయసు, తిను" అంటూ ముప్పై నాలుగేళ్ళ తన కంచంలో వదిన వేసిన రొట్టెలు. లుంగీ కట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్న అన్నయ్య. చివర్న గిన్నె అడుగు గీరుకుని, మజ్జిగ పోసుకుని, నిలబడే తాగేసిన వదిన.

"అన్నయ్యా!" అని కేకేసింది. "నిన్న రాత్రి నాలుగో మజిలీకి నువ్వెలా వచ్చీసేవు?"

సన్యాసిరావు వంటింట్లోంచి తొంగిచూశాడు. "టీవీ దగ్గర్నుంచి వచ్చేనే. ఏటయింది?"

"వదిన కొండ మీద భోజనం నువ్వూ నేనూ తినీసేం. అదయింది!"

మూడోసారికి హంసిని ఒకే షరతు పెట్టింది. ప్రతి మజిలీలోనూ ముందు వదిన తినాలి, వాళ్ళిద్దరూ ఆగాలి.

"మీరు చూస్తుంటే నాకు మింగుడు పడదే."

"మింగు. మబ్బులు చూస్తావా, మా మొహాలు చూస్తావా?"

మొదటి గుడిసెలో తాయారు పరాయింట్లో కూర్చున్నట్టు తలొంచుకుని తింది. మూడో గుడిసెలో ఇంకో రొట్టె అడిగింది. అడిగి, తనే సిగ్గుపడి నవ్వేసింది.

కనుమ రోజున గాలి ఈడ్చి కొట్టింది. మోకాళ్ళు వదిలేసిన చోటు వచ్చింది, వెనక్కి పోయింది. తాయారు ఆగలేదు. జెండా దగ్గరైంది, చేతికందింది, అంతలోనే హాలంతా తెలుపు పరుచుకుంది. "హంసినీ! మబ్బులు మన కిందున్నాయే!" అన్న ఆమె కేకకు పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. ఇద్దరూ నడకపలకల మీదే గంతులేశారు.

"అనుమతి మంజూరైంది. నడకరి తాయారు ఊపిరి మెరుగైంది. కారణం తెలియదు," అంది యంత్రం.

మధ్యాహ్నం మూటలు సర్దడం మొదలైంది. ఉన్నిమేజోళ్ళు, తాళ్ళు, పటాలతో హాల్లో కాలు పెట్టే చోటు లేదు. భోజనం వేళకు తాయారు అలవాటుకొద్దీ కంచాలు పెట్టి గరిటె పట్టుకుని నిలబడింది. సన్యాసిరావు వచ్చి ఆ గరిటె తీసుకున్నాడు.

"కూర్చో," అని అన్నం, పప్పు వడ్డించాడు. తాను కూర్చోలేదు. చిన్న గొంతుతో అడిగాడు. "తాయారూ, ఇన్నేళ్ళూ నీకు కడుపు నిండేదా?"

నిండేదండీ అనబోయింది.

"తెలీదండీ. ఎప్పుడూ చూసుకోలేదు."

అతనికి తలెత్తబుద్ధి కాలేదు. వదిన ఏమంటుందోనని హంసిని మూట కట్టడం ఆపి చూస్తోంది. తాయారు కంచం ముందుకు జరిపింది.

"ఇంకొంచెం వెయ్యండి. కనుమ చాలా ఎత్తు."