పాతాళదుర్గం: ప్లస్సులూ మైనస్సులూ

‘ఈ గేమ్ తయారుచేసినవాడికి కెమెరా ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు భాయ్’ అని తెర మీద ఒడియాలో అక్షరాలు పడ్డాయి.

ధనుంజయ్‌కి ఒళ్లు మండింది. పాతాళదుర్గం అంటే అతనికి ప్రాణం. ఒడిశాలోని దమన్‌జోడి టౌన్‌షిప్‌లో షిఫ్ట్ దిగి, అన్నం తిని, హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడంటే ఇక ఆ నేలమాళిగల్లోనే కాపురం.

‘కత్తి తిప్పితే చేతికి బరువు తెలుస్తుంది. దివిటీ ఆరిపోతే గుండె ఆగుతుంది. ఇలాంటి గేమ్ ఇంకోటి చూపించు’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒడియా కొట్టాడు.

‘స్తంభం వెనక్కి వెళ్తే నేనే నాకు కనబడను. సంచిలో పన్నెండు వస్తువులకి మించి పట్టవు. నలభై నిమిషాలు పోరాడి చస్తే మళ్లీ మొదటి మెట్టు. ఇంకా చెప్పనా?’

‘వద్దు.’

‘ఒకే రాక్షసుడికి రంగులు మార్చి మూడుసార్లు పంపారు. అదీ చెప్పాలిగా.’

అవతలి మనిషికి గేమ్‌లో పేరు బాఘ్, అంటే పులి. రాయగడలో ఉంటాడని తప్ప ధనుంజయ్‌కి ఇంకేమీ తెలీదు. మూడు నెలలుగా ఇద్దరూ జట్టు. మైకు పాడైందని బాఘ్ ఎప్పుడూ మాట్లాడడు, రాయడమే, అదీ ఒడియాలో. రోజూ పోట్లాటే. కానీ ధనుంజయ్ చావబోతుంటే తన ఆఖరి మందుసీసా విసిరేది కూడా బాఘే.

ధనుంజయ్ మాత్రం తన మైకు ఒక్కరోజూ ఆపలేదు. ఇంట్లో తెలుగులో ఏం మాట్లాడుకుంటే ఆ ఒడియావాడికేం అర్థమవుతుంది?

ఆ బుధవారం సాయంత్రం బయట కుండపోత వాన. లోపల ఎనిమిదో నేలమాళిగలో పోరాటం. సరిగ్గా అప్పుడే తల్లి గురువమ్మ గదిలోకి వచ్చింది.

“ఒరే ధనుంజయా! రాయగడ సమ్మందం వోలు ఆదివారం రమ్మన్నారు. అమ్మి పేరు ప్రవీణట, మున్సిపాలిటీలో ఉద్యోగమట. ఫొటో అయినా సూడ్రా.”

“నాకొద్దమ్మా. మున్సిపాలిటీలో పన్సేసే అమ్మికి ఏటి తెల్సు? కుళాయి రాలేదని వచ్చినోల మీద అరవడం, ఇంటికొచ్చి సీరియల్ సూడ్డం. అలాటి మొద్దుతో జన్మంతా ఏటి మాటాడాలి?”

“సూడకుండానే మొద్దంటావేట్రా?”

“సూసినా అంతే. వొద్దని సెప్పీ.”

హెడ్‌ఫోన్స్‌లో టక్కుమని చప్పుడైంది. మూడు నెలల్లో మొదటిసారి బాఘ్ మైకు ఆన్ అయింది.

“ఆ మొద్దు నేనేనండీ,” అంది ఒక ఆడగొంతు, అచ్చం వాళ్లింట్లో మాట్లాడే తెలుగులో. “మీ అమ్మగార్ని ఇబ్బంది పెట్టకండి. వొద్దని మా నాన్నకి నేనే సెప్పేస్తాను.”

కంట్రోలర్ జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలీలేదు ధనుంజయ్‌కి. ఆడపిల్ల! తెలుగుపిల్ల! అందులోనూ ఆ పిల్లే! తెర మీద బాఘ్ మాయమైంది. వెనక నుంచి వచ్చిన అస్థిపంజరం ఒకటి అతన్ని తాపీగా చంపేసింది.

“ఏట్రా, ముకం అలగైపోయింది?”

“అమ్మా… ఆ ఫొటో ఇలగియ్యి.”

ఫొటోలో అమ్మాయి ఎండకు కళ్లు చికిలించి, ఎవరి మీదో జోకు వేయబోతున్నట్టుంది. అది చూశాక అతనికి అసలు సంగతి అర్థమైంది. ఇన్నాళ్లూ షిఫ్ట్ ఎప్పుడు దిగుతానా అని ఎదురుచూసింది గేమ్ కోసం కాదు, ఆ పోట్లాట కోసం. దాన్ని తన నోటితోనే పోగొట్టుకున్నాడు.

గురువారం బాఘ్ ఆడటానికి రాలేదు. శుక్రవారం ధనుంజయ్ సెలవు పెట్టి రైలెక్కాడు. దారిలో సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ప్రతి సొరంగంలోనూ ఒక క్షమాపణ తయారుచేసుకున్నాడు. వెలుగులోకి రాగానే అది బాగాలేదనిపించింది.

రాయగడ మున్సిపాలిటీ ఆఫీసులో నీటి ఫిర్యాదుల కిటికీ దగ్గర క్యూ ఉంది. అతని ముందున్న ముసలామె కేకలు పెడుతోంది. కిటికీ వెనక ప్రవీణ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. సగం తెలుగు, సగం అక్కడి కొండజనం మాట్లాడే దేసియా కలిపి మాట్లాడి, కాగితం తనే రాసి, ఆమెను నవ్వించి పంపింది. ధనుంజయ్ సిగ్గుతో చచ్చిపోయాడు.

“కంప్లైంట్ ఏటి?” తలెత్తకుండానే అడిగింది ప్రవీణ.

“ఒక మనిషి మీదండి. దమన్‌జోడి ధనుంజయ్ మీద.”

పెన్ను ఆగిపోయింది. ఆమె మెల్లగా తలెత్తింది. ఆ కళ్లలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

“మైనస్సులు సెప్పండి.”

“ముందు నోరు, తరవాత బుర్ర. సూడకుండానే మనిషికి మార్కులేసేస్తాడు. ఎవులైనా తప్పు సెప్తే రోషం.”

“ప్లస్సులు?”

“ఎంత ఎతికినా దొరకట్లేదండి.”

“నాకు దొరికేయి,” అంది ప్రవీణ.

ధనుంజయ్ తెల్లబోయాడు.

“నా మైకు బాగానే ఉంది. ఆడగొంతని తెలిస్తే ఎవుడో ఒకడు పిచ్చివేషాలేస్తాడని మూసీసేను. ఒడియా మీడియం సదువు, నాకు తెలుగు రాయడం రాదు. కానీ మీరు మైకు ఆపకపోతే నేనేటి సెయ్యను? మీ పేరు, ఊరు, ఇంటి సంగతులు, అన్నీ ఇన్నాను.”

“అ… అన్నీనా?”

“అమ్మగారికి మోకాలు నొప్పంటే ఆట మజ్జిలో ఒగ్గీసి నూనె రాయడం ఇన్నాను. పక్కింటి సన్యాసయ్యగారికి రిమోటు పదిసార్లు నేర్పడం ఇన్నాను. ఒక్కసారీ ఇసుక్కోలేదు మీరు.” ఆమె గొంతు తగ్గింది. “ఈ సమ్మందం మా నాన్న ఎతికింది కాదండి. ఆ ఇంటికి కబురెట్టమని సిగ్గొదిలి నేనే అడిగేను.”

ధనుంజయ్ కిటికీ దగ్గరికి ఇంకాస్త వంగాడు. ఇలాంటి మనిషినా వద్దన్నాడు!

“ప్రవీణగారూ, రోజూ నేను ఎదురుసూసింది మీకోసమే. అది నాకే తెలీలేదు. మీరంటే ఇష్టం నాకు. నాన్నగారికి… సెప్పేసేరా?”

ఆమె ఫోన్ తీసి తండ్రికి కలిపింది.

“నాన్నా, ఆదివారం ఆలని మనింటికి రావద్దని సెప్పు.”

ఇక అయిపోయిందనుకున్నాడు ధనుంజయ్.

“మనమే ఎల్దాం. పెళ్లికొడుకుని నేను సూసుకోవాలి.”

ఫోన్ పెట్టేసి, అతని వైపు చూడకుండా, బుగ్గల్లో నవ్వు దాచుకుంటూ “తరవాత ఎవులు?” అని క్యూని పిలిచింది.

ధనుంజయ్ వానలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

“అమ్మా, పెళ్లిచూపులు మనింట్లోనే. సూసేది ఆ అమ్మి. సూపించుకునేది నేను.”



“నచ్చుతావంటావేట్రా?” అని గురువమ్మ భయంభయంగా అడిగింది.

“ఎప్పుడో నచ్చేనటమ్మా,” అన్నాడు. “నాకే ఇంకా నమ్మకం కుదరట్లేదు.”