జంబుక బలి

అసురసంధ్య...!

మన దేశంలో దయ్యాలకూ భూతాలకూ అర్ధరాత్రి దాకా మేలుకొని ఉండాల్సిన శ్రమ ఉంటుంది. కెనడాలో ఆ కష్టం లేదు. డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం టీ తాగే వేళకే సూర్యుడు ముఖం చాటేస్తాడు. ఆ రోజు మరీ ఘోరం. అమావాస్య. హ్యూరాన్ సరస్సు మీది నుంచి కాటుక కొండల్లాంటి మేఘాలు లేచి సార్నియా ఆకాశాన్ని కమ్మేశాయి. దూరాన రసాయన కర్మాగారాల పొగగొట్టాల కొసల్లో మంటలు ఎర్రెర్రగా నాలుకలు చాస్తున్నాయి. మంచు కురుస్తూ ఉండగానే ఉరిమింది... మంచులో ఉరుము! ఆ దేశంలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా అరుదుగా వినే శబ్దం అది. కంచె స్తంభం మీద కూర్చున్న తెల్లగుడ్లగూబ తల వెనక్కి తిప్పి కీచుమని అరిచింది.

ఆ కంచె లోపల ఒక పెద్దమనిషి క్షుద్రపూజకు కూర్చున్నాడు. పేరు త్యాగరాజు. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులను తలుచుకుంటే జాలేస్తుంది. రిచ్‌మండ్ హిల్‌లో ఇల్లు, టొరంటోలో ఉద్యోగం ఉన్నంతకాలం బుద్ధిగా కోడు రాసుకున్నాడు. ఉద్యోగం ఊడాక మంత్రాల మీద పడ్డాడు. సార్నియా ఊరి బయట ఒక వేటతోట కొన్నాడు.

వేటతోట అంటే ఏదో వీరులు తిరిగే అడవి అనుకునేరు. అడవిలో పట్టిన నక్కలను తెచ్చి ఎత్తైన ఇనుప కంచె లోపల వదులుతారు. వారాంతాల్లో పెద్దమనుషులు పికప్పు ట్రక్కుల్లో వేటకుక్కలను తెచ్చి వాటి మీదికి ఉసిగొల్పుతారు. నక్క కంచె వెంబడి తిరిగి తిరిగి, దారి దొరక్క, చివరికి గుండె పగిలి చస్తుంది. దీని పేరు కుక్కలకు ట్రైనింగట! పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు. అక్కడ చెలగాటం పిల్లిది కూడా కాదు, బీరు డబ్బా చేతపట్టుకున్న మనిషిది. కుక్కల బతుకూ అంతంతమాత్రమే. వేటకు ముందు వాటిని పస్తులుంచుతారు. మెడకు కరెంటు పట్టీలు కడతారు. పరుగు తగ్గితే రిమోటు నొక్కుతారు. అప్పటికీ పరుగెత్తలేని కుక్కను షెడ్డు వెనక్కి తీసుకెళతారు. అది మళ్ళీ తిరిగి రాదు.

ఇలాంటి చోటు త్యాగరాజుకు ఎందుకంటే, నక్క కొమ్ము కోసం.

నక్క తోక తొక్కితే అదృష్టమని నమ్మే జాతి మనది. నక్క నెత్తిన కొమ్ము మొలుస్తుందనీ, అది ఒంటి మీద ఉంటే తిరుగుండదనీ నమ్మేవాళ్ళకూ కొదవలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, వీళ్ళలో ఇంజనీర్లే ఎక్కువ. ఆ సాయంత్రం కంచె బయట ఖరీదైన కోట్లు తొడుక్కుని, చేతులు కట్టుకుని ఓ అరడజను మంది నిలబడి ఉన్నారు. వాళ్ళలో భరద్వాజ్ ఒకడు. దేశ రాజధాని శివారు కనాటాలో టెలికాం కంపెనీ ఉద్యోగి. ఆఫీసులో లేఆఫ్ మాట వినబడగానే పొద్దున్నే బయల్దేరి, ఆ మంచు తుఫానులో రోజంతా డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. అంత దూరం కన్నతల్లిని చూడడానికి కూడా వెళ్ళి ఉండడు.

కంచె పక్కన ఆపిన పాత కరోలా కారులో మాత్రం ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. స్టీరింగు ముందు సాత్విక. వెనక సీట్లో దుప్పటి కప్పుకుని, మోకాళ్ళ మధ్య తల దూర్చి వణుకుతున్నది రూప.

మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న ఆ ఏడాదుల్లోనే వాళ్ళిద్దరూ సార్నియాకు వచ్చారు. సాత్వికది వరంగల్, రూపది ఒంగోలు. ఒకే కాలేజీ, ఒకే బేస్‌మెంటు గది, ఇద్దరికీ కలిపి ఈ కారు. వారాంతాల్లో సాత్విక వేటతోటలో కుక్కలకు తిండి పెట్టే పనికి వెళ్ళేది. అక్కడ జరిగేది చూడలేక ముఖం తిప్పుకునేది. కానీ ఆ చలికాలం ఊళ్ళో వేరే పని దొరకలేదు. తన వంతు రొట్టెలు కూడా దాచి తీసుకెళ్ళి ఆ బక్క కుక్కలకు పెట్టేది. ఒకరోజు సరదాగా చూస్తానంటే రూపను కూడా వెంట తీసుకెళ్ళింది. ఆ తప్పు తనదేనని సాత్వికకు తెలుసు.

ఆ దేశంలో శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్‌కు స్కోరు చాలక రూప అప్పటికే నిద్రాహారాలు మానేసింది. త్యాగరాజు ఆ పిల్ల ముఖం చూడగానే కనిపెట్టాడు. అదృష్టం తిరిగేలా రక్ష కడతానని, వేలి నుంచి ఒక్క చుక్క నెత్తురు తీసి ఎర్రదారానికి అద్ది మణికట్టుకు కట్టాడు. అదే దారం రెండో ముక్కను బోనులో ఉన్న ఆడనక్క మెడకు కట్టాడు. రూప చేతులు జోడించి మరీ దణ్ణం పెట్టి వచ్చింది.

మరుసటి ఆదివారం, సరిగ్గా వేట మొదలయ్యే వేళకు, గదిలో రూప నాలుగు కాళ్ళ మీద పాకుతూ మంచం కిందికి దూరింది. నాలుక బయటపెట్టి రొప్పింది... గోడను గోళ్ళతో గీరింది... మనిషి గొంతులోంచి రాకూడని అరుపు అరిచింది! డాక్టరు పరీక్షల ఒత్తిడి అన్నాడు. సాత్వికకు నిజం తెలిసింది మాత్రం తోటలోనే. బోను ఇనుప తీగ కోసుకుని ఆడనక్క ముందరి ఎడమ కాలు చీలింది. ఇంటికి వెళ్ళి చూస్తే రూప ఎడమ అరచెయ్యి అదే చోట చీలి ఉంది. దారం కత్తిరించబోతే రూప మణికట్టు నుంచి నెత్తురు చిమ్మింది, తెగిన దారం మళ్ళీ అతుక్కుంది.

వెళ్ళి నిలదీస్తే త్యాగరాజు దాచలేదు. మామూలు నక్కకు కొమ్ము ఉండదన్నాడు. మనిషి కోరికను మోస్తూ, భయంతో గుండె పగిలి చచ్చిన నక్క నెత్తినే అది మొలుస్తుందట. అమావాస్య సంధ్యకు బలి. ఆ సంధ్య దాటి నక్క బతికితే దారం దానంతట అదే ఊడిపోతుంది. అయితే తన కంచెలో ఏ నక్కా బతికి బట్టకట్టలేదని చెప్పి నవ్వాడు. నక్క చస్తే రూప ఏమవుతుందని సాత్విక అడిగింది.

"ఏమవుద్దమ్మా... నూనె అయిపోయిన దీపం ఏమవుద్దో అదే అవుద్ది," అన్నాడు త్యాగరాజు. "ఒక్క పిల్లతో ఇన్ని సంసారాలు నిలబడతన్నాయి. నువ్వు నోరు మూసుకుని కుక్కలకి కూడెట్టుకో. నేనొక్క మెయిల్ కొట్టానంటే నీ స్టడీ పర్మిట్ గోవిందా."

పూర్వం మాంత్రికులు రాయిగా మారుస్తామని బెదిరించేవారు. వీడి శాపం ఈమెయిల్లో వెళుతుంది. కానీ ఆ మాటకు సాత్విక నిజంగానే వణికింది. రాత్రంతా ఏడ్చింది. తెల్లవారాక, పని కోసం తన దగ్గరుంచిన షెడ్డు, గేటు తాళాల గుత్తి తీసి జేబులో వేసుకుంది. రూపను ఒంటరిగా గదిలో వదిలితే ఏమవుతుందోనని కారులో వెంట తెచ్చుకుంది.

"ఓం... హ్రీం... ఫట్...!"

కంచె లోపల హోమగుండం భగ్గుమంది. త్యాగరాజు నల్లపంచె కింద థర్మల్ ప్యాంటు తొడుక్కున్నాడు. దేవతలను శాసించేవాడికి చలి మాత్రం ఆగదు కాబోలు! ముందు పళ్ళెంలో ఇండియన్ స్టోరు నిమ్మకాయలు, కుంకుమ పూసిన పాత నక్క పుర్రె. దాని కంటి గుంటల్లో కర్పూరం మండుతోంది. ఎడమ చేతిలో రిమోటు. వాడు లేచి బోను తలుపు లాగాడు. ఎర్రటి ఆడనక్క కుంటుతూ బయటికి దూకింది. ఆ వెంటనే కుక్కల షెడ్డు తెరిచాడు. పస్తులున్న కుక్కలు మొరుగుతూ మంచును చిమ్ముతూ దాని వెంట పడ్డాయి.

వెనక సీట్లో రూప కెవ్వున అరిచింది.

సాత్విక కారు దిగి, కంచె గేటు తాళం తీసి లోపలికి పరుగెత్తింది. నక్కలు దాక్కునే సిమెంటు తూము ఒకటి తోట మధ్యలో ఉంది. ఆడనక్క అటే వస్తుందని ఆమెకు తెలుసు. తీరా చూస్తే తూము నోట్లో గోనె సంచులు కుక్కి ఉన్నాయి, అవి గడ్డకట్టి రాయిలా అయ్యాయి. త్యాగరాజు తోటలో ఉన్న తూములన్నీ ముందే పూడ్చేశాడు. ఆమె చేతి తొడుగులు పారేసి గోళ్ళతో పీకింది. వేళ్ళు చిట్లాయి, సంచి కదల్లేదు. ఇంతలో ఆడనక్క వచ్చి, మరో దారి లేక, మనిషని కూడా చూడకుండా ఆమె ఒడిలో దూరింది. దాని గుండె ఆమె అరచేతి కింద టపటపా కొట్టుకుంటోంది. సాత్విక దాన్ని కోటులోపల దాచి కుక్కలకు వీపు పెట్టి ముడుచుకుంది. అంతా అయిపోయిందనే అనుకుంది.

కుక్కలు చుట్టూ మూగి ఆగిపోయాయి. రోజూ తిండి పెట్టే చెయ్యి వాసన వాటికి తెలుసు. త్యాగరాజు పళ్ళు కొరికి రిమోటు నొక్కాడు. కుక్కలు బాధతో మెలికలు తిరిగాయి. మళ్ళీ నొక్కాడు. ఒక్కటీ ముందుకు రాలేదు.

వాడు రిమోటు మొలలో దోపుకుని, పుర్రెను రెండు చేతులా పైకెత్తి ఆకాశం దద్దరిల్లేలా అరిచాడు.

"చాముండా...! శ్మశానవాసినీ...! ఈ జంబుకాన్ని అందుకో! దిగి రా!"

పిలవడమైతే పిలిచాడు. ఆ తల్లి ఎవరో, ఆమె వెంట ఎవరుంటారో తెలుసుకోవాలన్న ఇంగితం వాడికి లేకపోయింది.

ఆకాశం నెర్రె విచ్చినట్టు మెరిసింది. హోమగుండం ఒక్కసారిగా ఆరిపోయింది. గాలి ఆగింది... మంచు ఆగింది... ఆ నిశ్శబ్దంలో కంచె బయట ఒక నక్క ఊళ వేసింది. ఇంకోటి అందుకుంది. మొక్కజొన్న కోసిన చేల నుంచి, కాలువ గట్ల నుంచి, చీకటి మూలల నుంచి వందల గొంతులు లేచాయి. ఆ తోటలో ఇన్నేళ్ళుగా చచ్చిన నక్కలన్నీ ఒక్కసారి గొంతు విప్పాయా అన్నట్టుంది!

కారు తలుపు తెరుచుకుంది. రూప దిగింది. వట్టి కాళ్ళతో, విరబోసుకున్న జుట్టుతో గేటు దాటి నడిచి వస్తోంది. పాదం పెట్టినచోట మంచు కరిగి నల్లటి నేల బయటపడుతోంది. ఆ నడక రూపది కాదు. ఆ కళ్ళలోకి చూసిన భరద్వాజ్ కాళ్ళ మధ్య ప్యాంటు తడిసింది.

"తల్లీ, వచ్చావా... నీ బిడ్డను, నీ ఉపాసకుణ్ణి," అంటూ త్యాగరాజు సాష్టాంగపడ్డాడు.

"నా ముందు నడిచేదాన్ని చంపి, నాకే నైవేద్యం పెడతావా?"

గొంతు పెద్దది కాదు. కానీ నేల అదిరింది. త్యాగరాజు తల ఎత్తే ధైర్యం చేయలేదు. చాముండ శ్మశానంలో అడుగు పెట్టేటప్పుడు ముందు కూసేది నక్కేనని, ఆమె వెన్నంటి తిరిగే పరివారం అవేనని వాడికి అప్పుడు గుర్తొచ్చింది. తెలిసిన విషయమే. కొమ్ము మీది ఆశలో మరిచాడు. ఇంకో బలి ఇస్తానన్నాడు. దున్నపోతునిస్తానన్నాడు. కావాలంటే ఆ ఒడిలో నక్కను దాచుకున్న పిల్లనే ఇస్తానన్నాడు.

"నాకు ఆకలిగా లేదు," అంది ఆ గొంతు. "పరుగెత్తు."

కుక్కల మెడల్లో పట్టీలు పుటుక్కున తెగి మంచులో పడ్డాయి. అవి మొరగలేదు. తలలు వంచి, చప్పుడు లేకుండా వాడి వైపు నడిచాయి. త్యాగరాజు రిమోటు నొక్కాడు, నొక్కాడు... చివరికి విసిరేసి పరుగు తీశాడు. పంచె ఊడిపోయింది. కంచె ఎక్కబోయాడు. పైనుంచి లోపలికి వంచి కట్టిన ముళ్ళతీగ అరచేతులు చీల్చి కింద పడేసింది. ఎవరూ ఎక్కకూడదని తానే అలా కట్టించాడు. రెండో తూములో తల దూర్చాడు. గోనె సంచులు తగిలాయి. కంచె వెంబడి రొప్పుతూ చుట్టూ చుట్టూ తిరిగాడు. బయట ఉన్న భక్తులను పేరుపేరునా పిలిచాడు. ఇంజనీర్లు ఫోను టార్చిలు వేసి చూశారే తప్ప ఒక్కడూ గేటు వైపు అడుగు వేయలేదు.

కొంతసేపటికి వాడు నాలుగు కాళ్ళ మీద పాకాడు. తర్వాత పాకలేదు. నోరు తెరుచుకుని, కళ్ళు బయటికి పొడుచుకొచ్చి, కంచె మూలన వెల్లకిలా పడి ఉన్నాడు. కుక్కలు దగ్గరకొచ్చి వాసన చూశాయి. ఒక్క గాటు కూడా పెట్టలేదు. వెనక్కి తిరిగి మంచులో పడుకున్నాయి.

రూప మోకాళ్ళ మీద కూలిపోయింది. మణికట్టు మీది దారం బూడిదై రాలింది. సాత్విక ఏడుస్తూ పరుగెత్తుకెళ్ళి ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. బతికుందో లేదో చూడడానికి కూడా ఆమెకు భయమేసింది.

"చలేస్తందే... నా చెప్పులేయి?" అంది రూప. అది రూప గొంతే.

కోటు వదులవగానే ఆడనక్క కిందికి దూకింది. మెడ మీద దారం లేదు. కుంటుకుంటూ, తెరిచి ఉన్న గేటులోంచి బయటికి వెళ్ళింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. మనుషుల్లో చూడదగింది ఏముందని చూస్తుంది?

సాత్విక రూపను భుజానికి ఆనించుకుని గేటు దాకా వచ్చింది. అప్పటికి భరద్వాజ్ మెల్లగా లోపలికి జొరబడి శవం దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోను వెలుగు దాని నెత్తి మీద వేసి, వంగి, చాలాసేపు పరకాయించాడు. ఆ తడిసిన ప్యాంటుతోనే ఆమె దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నువ్వు ఇక్కడ పని చేస్తావు కదా... ఈయన కూడా భయంతోనే పోయాడు. మరి కొమ్ము ఈయన తల్లో మొలుస్తుందంటావా?"

సాత్విక వాడి ముఖంలోకి చూసింది. 

"చూస్కోండి అంకుల్," అంది. "కుక్కల్ని నేనింకా కట్టెయ్యలేదు."

భరద్వాజ్ ఒక బూటు మంచులోనే వదిలేసి కారు దాకా పరుగెత్తాడు. కుక్కలు వాడి వంక కన్నెత్తి కూడా చూడలేదు.