రేకు అవతలి మొహం

ఈ సంగతి మొదట చెప్పింది మంగాయమ్మ. పత్రికలవాళ్లు కాదు, టీవీవాళ్లు అంతకన్నా కాదు. కుండ కింద ఎండు కొబ్బరాకులు ఎగదోస్తూ అక్కడే కూర్చున్న మనిషి ఆవిడ. పొగలో కూర్చున్నవాళ్లకి తెలిసినంత ఫొటో తీసినవాళ్లకి తెలియదు. కనుక ఆవిడ చెప్పిందే లెక్క.

మనిషి లేకుండా పడవలు వాటంతటవే రేవు దాటుతున్న రోజులు. గోదావరి ఒడ్డున మెదడు పరిశోధన కేంద్రం, అద్దాల మేడ. ఆ మేడలో, కంప్యూటర్ల మధ్య, పూతరేకుల కుండ పొయ్యెక్కింది. పొగకి సైరన్ కూసింది. ఆపారు. మళ్లీ కూసింది. కరెంటు కుండ చేయించి ఇస్తామంటే రేకులు తీసే అచ్చియ్యమ్మ ససేమిరా అంది. "కరెంటుకి కుండ వేడెక్కుతుందమ్మా, పదునెక్కదు."

"సరే, మీ ఇష్టం. ఇక కానివ్వండి అమ్మమ్మగారూ" అంది డాక్టర్ తబస్సుమ్.

అచ్చియ్యమ్మ పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచింది. రెండు చేతులతో వెడల్పుగా పట్టి కుండ మీదికి తెచ్చింది. అక్కడ చేయి ఆగిపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. గుడ్డ నుంచి చుక్కలు కారి కుండ మీద చుర్రుమని మాడాయి.

"తగలెయ్" అంది అచ్చియ్యమ్మ, తన చేతిని చూసి.

ఊహ తెలిసినప్పటి నుంచీ రేకులు తీసిన మనిషి. ఆవిడ రేకు మొహానికి అడ్డం పెట్టుకుంటే ఎదుటివాళ్ల ముక్కుపుడక రాయి ఏ రంగో చెప్పొచ్చు. అలాంటి చేతికి పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. మందులు కొన్నాళ్లు పనిచేశాయి, ఆ తర్వాత లేదు. అందుకే ఈ ప్రయోగానికి తల ఒప్పజెప్పింది. బియ్యపుగింజంత చిప్, వెంట్రుకకన్నా సన్నటి తీగలు ఆవిడ మెదడులో పెట్టారు.

తబస్సుమ్ కర్నూలు పిల్ల. పెద్ద చదువులు చదివినా విసుక్కోకుండా విడమరచి చెప్పేది.

"కాలవ మీద లాకులు చూశారు కదా. తలుపులన్నీ మూసే ఉంటాయి. ఎటు నీళ్లు కావాలో ఆ ఒక్క తలుపే ఎత్తుతారు. మన మెదడు అడుగున బేసల్ గాంగ్లియా చేసే పని అదే. చేయి ఎత్తడం, లేచి నిలబడడం, అన్నిటికీ బ్రేకు వేసి ఉంచుతుంది. ఎంచుకున్న పనికి మాత్రం బ్రేకు తీస్తుంది. తీయడానికి డోపమిన్ కావాలి. మీకు అది ఎండిపోయింది."

"మరి నీ చిప్పు ఏం చేస్తుంది?"

"డోపమిన్ బదులు అది బ్రేకు తీస్తుంది. ఎప్పుడు తీయాలో మీ మెదడునే అడిగి నేర్చుకుంటుంది. చేసిన పని అనుకున్నదానికన్నా బాగుంటే మెదడు 'మళ్లీ చెయ్' అంటుంది. బాగోకపోతే హాబెన్యులా అని ఒక చిన్న ముడి 'వద్దు' అంటుంది. లాకు ఒకటి, తీర్పరి ఒకటి. ఈ రెండూ మనిషితో పుట్టినవి కావు. లాంప్రే అని దవడల్లేని చేప ఉంది, చూడ్డానికి పాములా ఉంటుంది. దానికీ మనకీ పూర్వీకులు విడిపోయి యాభై కోట్ల ఏళ్లు దాటింది. అయినా దాని బుర్రలోనూ ఇదే లాకు, ఇదే తీర్పరి. కప్పకీ, కోడికీ, మనకీ పైన మేడలు లేచాయి గానీ పునాది అదే. ఆ పునాది చూసి చేశాం చిప్."

అచ్చియ్యమ్మ మూతి విరిచింది. "చేపని చూసి పెట్టేదానివి ఏ పులసనో చూడకపోయావా? పాములాంటి చేప దొరికిందీ నీకు!"

మంగాయమ్మ నవ్వి కొబ్బరాకు పక్కకి తోసింది. తబస్సుమ్ మాత్రం నవ్వలేదు. ప్రయోగం గడువు ఆ వారంతో సరి. చేయి కదలకపోతే చిప్ ఆపేసి, తీగలు తీసేసి, వరసలో ఉన్న ఇంకొకరికి అవకాశం ఇవ్వాలి. ఆపైన అచ్చియ్యమ్మకి ఇంకో దారి లేదు.

కంప్యూటర్ తెర మీద 'వద్దు' అంటే ఎరుపు, 'బాగుంది' అంటే ఆకుపచ్చ. ఆవిడ ప్రయత్నించిన ప్రతిసారీ ఎరుపే. చిప్ మొదట్లో కాస్త బ్రేకు తీసింది, చేయి కొద్దిగా కదిలింది. అప్పుడూ ఎరుపే. దాంతో కదలడమే తప్పని నేర్చుకుని చిప్ ఇంకా గట్టిగా బిగించింది.

"మొన్న గుడ్డ కుండకి తగిలింది. సగం రేకు వచ్చింది. అప్పుడైనా సంతోషం కలగలేదా?" అంది తబస్సుమ్.

"సగం రేకుకి సంతోషమా? మా అత్తగారు ఉంటే ఆ గుడ్డతోనే మొహాన కొట్టేది."

వాళ్ల పనిలో రివాజు అది. చెడ్డ రేకుకి తిట్టు, మంచి రేకుకి మౌనం. నోరు మూసుకుని దొంతరలో పెట్టడమే మెప్పు. తన రేకు బాగుందని తనే అనుకున్న రోజు చేతిలో పదును పోతుందని అత్తగారు నేర్పింది. ఆ మాటని అచ్చియ్యమ్మ ఎముకల్లో దాచుకుంది. చేప బుర్రకి మెప్పు తెలుసు గానీ, ఈవిడ బుర్రకి దాన్ని అలవాటు చేయలేదు.

తబస్సుమ్ దిగులుగా కూర్చుంది. పిల్లని ఊరడించాలని అచ్చియ్యమ్మ పాత కబుర్లు ఎత్తుకుంది. తోడికోడలు నూకరత్నం ఓ పెళ్లికి గంపెడు రేకులు తీసి ఆరుబయట పెడితే వాన వచ్చి మొత్తం గంజి అయిపోయిందట. "ముద్ద! గంజి ముద్ద! పెళ్లివారు గరిటెతో వడ్డించుకున్నారు!"

తెర మీద ఆకుపచ్చ మెరిసింది.

తబస్సుమ్ కుర్చీలోంచి లేచింది. "ఆ నూకరత్నంగారు ఎక్కడుంటారు?"

"దాని పేరు నా నోట రప్పించకు."

"ఇప్పుడు మీరేగా అన్నారు!"

"తిట్టడానికి అంటే లెక్కలోకి రాదు."

పగ చిన్నది కాదు. వెనకటికి ఇంకో పెళ్లిలో, నలుగురి మధ్య, నూకరత్నం రేకు మొహానికి అడ్డం పెట్టుకుని, "అక్క రేకులో అవతలి మనిషి కనపడట్లేదే, గోడ కట్టిందా?" అంది. అది పచ్చి అబద్ధం. అంతటితో మాటలు లేవు, రాకపోకలు లేవు.

"పిలిస్తే నేను పోతాను" అంది అచ్చియ్యమ్మ. తర్వాత కుండ వైపు చూసింది. తన చేతివైపు చూసింది. "రమ్మను. నా చెయ్యి పడిపోయిందని ఊరంతా చెప్పుకు తిరుగుతోందట. కళ్లారా చూసి పోతుంది."

నూకరత్నం జరీ చీర కట్టుకుని మరీ వచ్చింది. "అయ్యో అక్కా! ఎలాంటి చెయ్యి ఎలా అయిపోయింది! ఏదీ, నువ్వు లే. నేను రెండు రేకులు తీసిచ్చి వెళ్తాను, ఆస్పత్రివాళ్లు నీ పేరే చెప్పుకుంటారులే."

అచ్చియ్యమ్మ లేవలేదు, పక్కకి జరిగింది. నూకరత్నం ఇన్నేళ్లుగా మిషన్ రేకులు కొని తన పేరున అమ్ముతోందని మంగాయమ్మకి తెలుసు. కుండ కింద మంట ఎగదోసింది.

నూకరత్నం గుడ్డ ముంచి ఠీవిగా కుండ మీద లాగింది. రేకు వచ్చింది. ఎత్తబోయింది. నిలువునా చిరిగింది. ఒక ముక్క కుండకి, ఒక ముక్క జరీ చీరకి అంటుకున్నాయి.

"పొయ్యి సరిగా లేదక్కా" అంది.

తెర పచ్చటి వరిచేనైపోయింది. చిప్ బ్రేకు వదిలింది. తబస్సుమ్ అరిచింది, "ఇప్పుడు తీయండి అమ్మమ్మగారూ, ఇప్పుడే!"

అచ్చియ్యమ్మ చేయి లేచింది. గుడ్డ మునిగింది, సాగింది, కుండ మీద ఒక్క ఊపున జారింది. వణుకు లేదు, తడబాటు లేదు. రేకు పైకి లేచింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా మొహానికి ఎత్తింది. అవతల నూకరత్నం స్పష్టంగా కనపడింది. ముక్కుపుడక, నుదుటి ముడతలు, తెరుచుకున్న నోరు, లోపల ఊడిన పన్నుతో సహా.

"గోడేమైనా కట్టిందా?" అంది అచ్చియ్యమ్మ.

మేడంతా చప్పట్లు. సైరన్ కూసింది, ఈసారి ఎవరూ ఆపలేదు. సాయంత్రానికి దొంతర నిండింది. పార్కిన్సన్స్ వచ్చిన చేయి మళ్లీ పూతరేకు తీయడం ఆ కేంద్రంలో అదే మొదలు. వరసలో ఉన్నవాళ్లందరికీ ధైర్యం వచ్చింది.

మర్నాడు నూకరత్నం రాలేదు. చేయి లేవలేదు. చిప్ నేర్చుకోవలసిందంతా నేర్చుకుంది, కాకపోతే ఆ మొహంతో కలిపి నేర్చుకుంది. ఎంత దిద్దినా లాభం లేకపోయింది. చచ్చేదాకా దాని మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న అచ్చియ్యమ్మ ఇంటికి ఇప్పుడు రోజూ పొద్దున్నే కారులో నూకరత్నాన్ని తీసుకొస్తున్నారు. ఆవిడ బెట్టు చేస్తుంది, ఆలస్యంగా దిగుతుంది, కాఫీలో చక్కెర చాల్లేదంటుంది. అన్నీ భరించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, అచ్చియ్యమ్మ రేకులు తీస్తోంది. ఇప్పుడా రేకులు పూర్వంకన్నా పల్చన.

పత్రికవాళ్లు మాత్రం 'తోడికోడలి ప్రేమతో కదిలిన చేయి' అని పెద్దక్షరాలతో వేశారు. నూకరత్నం దాన్ని అద్దం కట్టించి గుమ్మానికి తగిలించుకుంది. అక్షరం బాగా వచ్చినవాళ్లు ఎవరైనా ఆ పత్రికకి రాసి సరిచేయించండి. ప్రేమ కాదు. మంగాయమ్మ సాక్షి. ముందు చిరిగింది నూకరత్నం రేకు.