గంగాళం అడుగున మాడు

1957 ఆగస్టు 28. ఉదయం ఆరూ ఇరవై.

మలయాలో సుంగై సుమున్ దగ్గర రబ్బరు ఎస్టేటు. మరో మూడు రోజుల్లో మెర్డెకా, దేశానికి స్వాతంత్ర్యం అని గేటుకు రంగు కాగితాలు కట్టారు. వాటి కిందే శవం.

చిత్తడి అడవిలో తెల్లవారగానే గస్తీ పోలీసులు కాల్చి చంపిన కమ్యూనిస్టు గెరిల్లా. ముఖం మిగల్లేదు. ఎడమ కాలికి చిటికెన వేలు లేదు. అది పాత గాయం.

కూలీలంతా వరుసగా నడిచి చూడాలని ఆర్డర్. నడిచారు. ఎవరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టినవాడి ఇల్లు ఏమవుతుందో ఆ రోజుల్లో పసిపిల్లలకూ తెలుసు.

శవం నడుముకు గుడ్డసంచి. నిండా గోధుమరంగు పెళ్లలు. ఉప్పూకారం అంటుకుని ఉన్నాయి.

"చిరుతిండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గోవిందన్. "చిరుతిండి గంపతో గేటు దాటేది దాలమ్మ ఒక్కతే. పన్నెండుకి లారీ ఎక్కించండి."

డిటెక్టివ్ సార్జెంట్ కాంతయ్య గడియారం చూసుకున్నాడు.

ఏడూ పది. దాలమ్మ బస్సు స్టాపులో వేయించిన శనగలు, జంతికలు అమ్ముకునే మనిషి. మొగుడు పోయాడు. చంకలో తొమ్మిది నెలల పిల్ల. అడవికి తిండి పంపిందని తేలితే జైలు, ఆపైన ఇండియా ఓడ. ఇండియా ఆమె ముఖం చూడలేదు, ఆమె ఇండియా ముఖం చూడలేదు.

"ఇది నువ్వు సేసిందేనా?" అన్నాడు కాంతయ్య, పెళ్ల చూపించి.

"కాదు బాబూ. ఇది బియ్యం తిండి. బియ్యం నాకెక్కడివి?"

"బియ్యమని ఎలా తెలుసు?"

"కొరికితే తెలుస్తాది గదా. ఇన్‌స్పెక్టర్ గారు కొరికినారేటి?"

కొరకలేదు. ఇన్‌స్పెక్టర్లు కొరకరు.

"నన్ను తీసుకుపోతే పిల్లకి పాలెవులిస్తారు బాబూ?"

కాంతయ్య పెళ్లలోంచి చిన్న ముక్క విరిచాడు. ముక్క కొరికాడు. అన్నమే. మాడిన అన్నం.

చిక్కంతా అక్కడే ఉంది. ఎస్టేటులో పచ్చి బియ్యం ఎవరికీ ఇవ్వరు. ఒకే వంటశాలలో వండి, అన్నం కొలిచి పెడతారు. వండిన అన్నం సాయంత్రానికి పాచిపోతుంది, అడవిదాకా చేరదు. ఎవడో మహా తెలివైనవాడు వేసిన ప్లాను. ఆ మహానుభావుడు జన్మలో అంట్లు తోమి ఉండడు.

ఎనిమిదీ నలభై అయిదు. వంటశాల. వంటమనిషి బంగారయ్యకు అరవై దాటాయి. పొయ్యి వదలకూడదని రూలు గనక శవాన్ని చూడ్డానికి అతను రాలేదు. యుద్ధకాలంలో జపానువాళ్లు సయాం రైలు పనికి తోలుకుపోయినప్పుడు అతనూ కాంతయ్యా ఒకే క్యాంపు.

కాంతయ్య పెళ్లను అరచేతిలో చూపించాడు.

"నురుంజి నీకెక్కడిది?" అన్నాడు బంగారయ్య. వెంటనే తల తిప్పుకున్నాడు. "ఏటో. నాకు తెల్దు."

కాంతయ్య పెళ్లను జేబులో వేసుకున్నాడు. ఆ మాట గురించి అడగలేదు.

"అడుగు మాడు ఏటి సేస్తావు మాఁవా?"

"నానబెట్టి, గేటవతల కుడితి గుంటలో పారేత్తాను. సెంట్రీ బకెట్టు సూసే పంపుతాడు."

కాంతయ్య గుంట దగ్గరికి వెళ్లాడు. తొక్కలు, మురికినీళ్లు. మాడు మెతుకు ఒక్కటి లేదు. కాకులు కూడా రాలేదు.

పదకొండూ ఇరవై. గోవిందన్‌నీ దాలమ్మనూ వంటశాలకు పిలిపించాడు. ఖాళీ గంగాళంలో పెళ్లను పెట్టాడు. అడుగు వంపుకు అతికినట్టు కూర్చుంది.

"దాలమ్మ మూకుడు జానెడు సార్. ఇంత వంపు దానిలో రాదు. ఇది మూడొందల మంది అన్నం వండిన గంగాళం మాడు. ఎండబెడితే నెలలు నిలవుంటుంది. కుడితి బకెట్టు అడుగున డబ్బాలో పెట్టి పంపారు. సెంట్రీ పైన నీళ్లు చూశాడు."

"ఎవరు?"

"ఈ ముక్క చూడగానే ఇతను నురుంజి అన్నాడు. అది తెలుగు కాదు, తమిళం కాదు, మలయు కాదు. సయాం క్యాంపులో ఒక కొరియా గార్డు మాట. వాళ్ల ఊళ్లో ఇంటింటా తినే చిరుతిండట. మాడు పారేయకుండా ఎండబెట్టడం అతనే నేర్పాడు. ఆ మాట తెలిసినవాళ్లలో ఈ ఎస్టేటుకు తిరిగొచ్చింది ఇద్దరమే. జ్వరంలో నా నోట్లో నురుంజి నమిలి పెట్టింది ఈ బంగారయ్యే."

గోవిందన్ పెదవి విరిచాడు. "మాటా వంపూ కోర్టులో నిలవవు. ఒప్పుకోవాలి. లేదా ఆమె లారీ ఎక్కాలి."

పదకొండూ నలభై ఎనిమిది. లారీ స్టార్టయింది. పిల్ల ఏడుపు మొదలెట్టింది. బంగారయ్య నేల చూస్తున్నాడు.

ఇక ఒక్క ప్రశ్నే మిగిలింది. అది అడగడం కాంతయ్యకు ఇష్టం లేదు. ఇన్నాళ్లుగా మాడు దాచి పెట్టేది ఎవరికోసమో అతనికి అప్పుడే తట్టింది.

"నీ కొడుకు సుప్పయ్య నాలుగు నెలల కిందట పోర్ట్ స్వెటెన్‌హామ్ హార్బరు పనికి పోనాడన్నావు. ఉత్తరం వచ్చిందా?"

"లేదు."

"సిన్నప్పుడు ఆడికి గొడ్డలి తగిలి సిటికెన వేలు పోయింది. ఏ కాలిది మాఁవా?"

"ఎడమ..."

బంగారయ్య ఆగిపోయాడు. గేటు వైపు చూశాడు. చేతిలో తెడ్డు జారిపోయింది. 

"నానే సేసినాను," అన్నాడు బంగారయ్య. "నన్ను పట్టుకుపోతే ఆడికి కూడెవులు పెడతారని నోరు మూసుకున్నాను. ఆ పిల్లతల్లిని ఒగ్గీండి."

దాలమ్మ పిల్లను గుండెకు అదుముకుని బయటికి నడిచింది. కాంతయ్య బేడీలు తీశాడు.  బంగారయ్య తనే మణికట్లు ముందుకు చాపాడు.

"కాంతయ్యా, సంచిలో ఎంత మిగిలింది?"

కాంతయ్య అబద్ధం చెప్పవచ్చు. నోరు రాలేదు.

"నిండుగానే ఉంది మాఁవా."

బంగారయ్య తల ఊపాడు.

"అయితే తినకుండానే ఎల్లిపోనాడు."