మునిరత్నం చదివిన టెలిగ్రాము

తిరుచానూరు రోడ్డులో డిటెక్టివ్ పెంచలయ్య తుమ్మితే మూడు తాలూకాల దొంగలు తలుపులు బిగించుకునేవాళ్లు. యుద్ధం ముగిసిన ఏడు, ఒక పొద్దున ఆయన గడపలోకి నగరి నుంచి నేతపని చేసే వరదమ్మ వచ్చింది. ఆమెను చూడగానే ఆయన సహాయకుడు మునిరత్నం నోట్లోని వక్కపొడి మట్టిలా అయిపోయింది. నగరిలో వాళ్లది పక్కపక్క ఇళ్లు.

బర్మాకు పోయిన కొడుకు ధనంజయ చనిపోయాడని తొమ్మిది దినాల కింద టెలిగ్రాము వచ్చిందట. బిడ్డ గుర్తుగా దేవుడి పటం వెనక దాచుకుంటే, మూడోనాడు ఎవరో ఎత్తుకుపోయారట. రేపే పదో దినం. కోడలు నాగరత్నమ్మ మెడలో తాళి తీస్తారు. అంతలోగా ఆ కాగితం వెతికిపెట్టమని ఏడ్చింది.

"పటానికి బంగారు గొలుసు ఏలాడతా ఉన్నిందయ్యా. దాన్ని ముట్టలేదు."

"టెలిగ్రాము చదివిందెవురమ్మా?"

"ఇంగెవురు? మా మునిరత్నమే. ఆ పొద్దు ఊర్లోనే ఉండె. మా వీదిలో ఇంగిలీసు వచ్చినోడు ఈడొక్కడే గదా."

పెంచలయ్య మెచ్చుకోలుగా చూశాడు. తాను దేవుడిలా కొలిచే మనిషి అలా చూస్తుంటే మునిరత్నానికి నేల చీలితే బాగుండుననిపించింది.

కాగితం మీద ఏముందో గుర్తుందా అని పెంచలయ్య అడిగాడు. వరదమ్మకు అక్షరం రాదు. కానీ చీర అంచు ఒక్కసారి చూస్తే మగ్గం మీద దించేసే చెయ్యి అది. సుద్దముక్క అందుకుని మొదటి మాటను గీత తప్పకుండా నేల మీద దించింది. పెంచలయ్య దాన్ని కూడబలుక్కుని, అలమరలోంచి ఇంగ్లీషు నిఘంటువు తీశాడు. ఏళ్లుగా ఎవరూ ముట్టని పుస్తకం మీద దుమ్ము లేదు. తెరిచిన పుటలో వక్కపొడి రాలి ఉంది. ఆయన పుస్తకం చంకన పెట్టుకుని, వెంటనే నగరికి పోదామన్నాడు.

బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులో మునిరత్నం వడమాలపేట దగ్గర నోరు తెరిచి, దగ్గి ఊరుకున్నాడు. పుత్తూరు దాటేలోపు చెప్పేద్దామనుకున్నాడు. పుత్తూరు దాటిపోయింది.

చుట్టాలు అప్పటికే దిగారు. రేపు తాళి తీసేముందు చివరిసారి తొడగడానికి గాజులు, పెట్టడానికి పూలు నాగరత్నమ్మ ముందు తెచ్చిపెట్టారు. పెంచలయ్య అందరినీ కూర్చోబెట్టాడు.

"దొంగకు బంగారం వద్దు. ఆ కాగితాన్ని ఇంగొకరు చదువుతారని వాడి బయం. ఆ బయం ముందు చదివినోడికే ఉంటాది. తెలీకుండా చదివేసి, ఆనక మా నిగంటువులో ఎతుక్కున్నాడు. వక్కపొడి ఆడే రాల్చినాడు."

నిఘంటువు తెరిచి నిదానంగా చదివాడు: "రిటర్న్. అర్థము: తిరిగి వచ్చుట. వాడుక: ప్రయాణమైపోయినవాడు మరల ఇల్లు చేరునపుడు ఈ మాట వాడవలెను."

అందరూ మునిరత్నం వైపు తిరిగారు.

"నాకు అచ్చరాలు తెలుసు గానీ మాటలు తెలీవత్తా," అన్నాడు. టెలిగ్రామంటే చావు కబురే అనుకున్నాడట. నిజం తెలిశాక చెప్పడానికి మొహం చెల్లక, పదో దినం లోపల ధనంజయే వచ్చేస్తాడని కాచుకున్నాడట. బొడ్లో మోస్తున్న కాగితం తీసి చాచాడు.

వరదమ్మ కొట్టడానికి చెయ్యెత్తి, ఎత్తిన చేత్తోనే కళ్లు మూసుకుంది. నాగరత్నమ్మ మాత్రం కాగితం అందుకోలేదు. లేచి వచ్చి అతని ఎదుట నిలబడింది.

"చదువన్నా."

"ధనంజయ తిరిగొస్తుండాడు."

"ఇంగోసారి."

చదివాడు. ప్రతిసారీ తల ఇంకొంచెం వంగింది. పదోసారికి గడ్డం రొమ్మును తాకింది. ఆమె కదల్లేదు.

"ఇంగోసారి," అంది.